మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు

ప్రశ్న: మొన్న రాత్రి కండోమ్ చిరిగిపోయింది. నేను బాటమ్ (లోపలికి తీసుకునేవాణ్ణి). అతను ఇంతవరకూ హెచ్‌ఐవీ పరీక్షే చేయించుకోలేదట. నిన్న నేను చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

జవాబు: మీ మెయిల్ అందిన రోజే జవాబు పంపాం. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే వ్యవహారం కాదిది. రేపు ఇదే పరిస్థితి ఎదురయ్యేవారి కోసం ఇక్కడ మళ్లీ వేస్తున్నాం.

నిన్నటి నెగెటివ్ మొన్నటి సంగతి చెప్పదు, అంతకుముందు మీకు హెచ్‌ఐవీ లేదన్న మాట మాత్రమే చెబుతుంది. ఇప్పుడు చేయాల్సింది పెప్ (హెచ్‌ఐవీ ఒంట్లో పాతుకోకుండా, కలిసిన తర్వాత వేసుకునే మందుల కోర్సు) మొదలుపెట్టడం. కలిసిన క్షణం నుంచి 72 గంటల్లోపు మొదటి మాత్ర పడాలి. దానర్థం మూడో రోజు వెళ్లొచ్చని కాదు. లోపలి పొరల్లో చేరిన వైరస్ లింఫ్ గ్రంథులకు పాకకముందే మందు అందాలి కాబట్టి ఎంత ముందైతే అంత ఫలితం. అర్ధరాత్రయితే ఎమర్జెన్సీ విభాగానికే వెళ్లండి. రిపోర్టులు వచ్చాక మందు మొదలుపెడదామని ఎవరైనా అంటే, మొదటి మాత్ర ముందు ఇమ్మని అడగండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, కిడ్నీ పరీక్షలకు రక్తం ఇస్తే చాలు, ఫలితాలు తర్వాత చూసుకోవచ్చు.

ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. పదిహేనో రోజున ఇంకో పరీక్ష నెగెటివ్ వచ్చిందని మానేసేవాళ్లు చాలామంది. పెప్ విఫలమయ్యేది ఎక్కువగా ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల, లేదా ఇలా మధ్యలో వదిలేయడం వల్ల. అసిడిటీకి వాడే యాంటాసిడ్‌లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అవి వేసుకోవాలంటే ఈ మాత్ర వాటికి 2 గంటలు ముందో, 6 గంటలు తర్వాతో పడాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, ఆ మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

మళ్లీ పరీక్షలు 4 నుంచి 6 వారాల మధ్య ఒకసారి, 12 వారాలకు ఇంకోసారి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. ఇలాంటి రాత్రులు ఇంకా వచ్చేలా ఉంటే, 28వ రోజు పరీక్ష చేయించుకుని మధ్యలో ఖాళీ లేకుండా ప్రెప్‌లోకి (హెచ్‌ఐవీ రాకుండా, కలవడానికి ముందు నుంచే వేసుకునే మందు) మారిపోవడమే మేలు.

ప్రశ్న: మాకు కండోమ్‌లు తరచూ చిరిగిపోతున్నాయి. రెండు కలిపి వేసుకుంటే గట్టిగా ఉంటాయా?

జవాబు: రెండూ ఒకదానికొకటి రాసుకుని ఇంకా తొందరగా చిరుగుతాయి. ఒక్కటే వేసుకోండి. ముందు చూడాల్సింది మీరేం రాసుకుంటున్నారన్నది. వాజలీన్, బేబీ ఆయిల్, వంటనూనె, ఒంటికి రాసే క్రీములు లేటెక్స్‌ను నిమిషాల్లోనే బలహీనం చేస్తాయి. నీటితోనో సిలికాన్‌తోనో చేసిన లూబ్రికెంట్ కావాలి. మలద్వారానికి సొంత తడి ఉండదు కాబట్టి కండోమ్ పైనా, మలద్వారం దగ్గరా ధారాళంగా రాయండి. తడి ఆరినప్పుడల్లా మళ్లీ రాయండి. కండోమ్ లోపల మాత్రం ఒక చుక్క చాలు, ఎక్కువైతే జారిపోతుంది. తొడిగేటప్పుడు కొన నొక్కి గాలి తీసేయండి. పర్సులో నెలల తరబడి ఉన్నది వాడకండి. నోనోక్సినాల్-9 అన్న మందు కలిపినవి అసలే వద్దు, అది లోపలి పొరను దెబ్బతీసి హెచ్‌ఐవీకి దారి ఇస్తుంది.

ప్రశ్న: మూడు నెలలకోసారి క్రమం తప్పకుండా రక్తం, మూత్రం పరీక్షలు చేయించుకుంటాను. అన్నీ నెగెటివ్. అయినా నా భాగస్వామికి గనోరియా వచ్చింది, నావల్లే వచ్చిందంటున్నాడు. అదెలా సాధ్యం? ల్యాబ్ తప్పా?

జవాబు: ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. గనోరియా, క్లమిడియా తగిలిన చోటే కాపురం పెడతాయి. గొంతులో ఉన్నది మూత్రంలో కనిపించదు, మలద్వారంలో ఉన్నదీ కనిపించదు. పైగా గొంతులో గనోరియాకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. మలద్వారంలోనూ తరచూ అంతే. మగవాళ్లతో కలిసే మగవాళ్లలో మూత్రం మాత్రమే చూస్తే చాలా ఇన్ఫెక్షన్లు జారిపోతాయి. ‘పూర్తి ఎస్‌టీడీ ప్యాకేజీ’ అని అమ్మేవాటిలో కూడా గొంతు, మలద్వారాల్లో దూదిపుల్లతో తీసే ఈ రెండు స్వాబ్‌లు ఉండకపోవచ్చు, డబ్బు కట్టే ముందే అడగండి.

మీరు చేయించుకోవాల్సింది గొంతు, మలద్వారం, మూత్రం మూడింటికీ న్యాట్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే) పరీక్ష. రెండు స్వాబ్‌లూ మీరే తీసుకోవచ్చు, సరిగ్గా తీస్తే నర్సు తీసినంత నమ్మకంగానే ఉంటాయి. మలద్వారంలోకి స్వాబ్‌ను 3 నుంచి 5 సెంటీమీటర్లు పోనిచ్చి, 5 నుంచి 10 సెకన్లు మెల్లగా తిప్పి తీయాలి. మలం బాగా అంటితే అది పారేసి కొత్తదానితో మళ్లీ తీయండి. గొంతులో రెండు టాన్సిల్స్‌నీ, వెనక గోడనీ తాకించాలి. నాలుకకు, బుగ్గలకు రాసినది పనికిరాదు. మూత్రం దగ్గరే చాలామంది పొరబడతారు. యూరిన్ ఇన్ఫెక్షన్ పరీక్షకు అలవాటైనట్టు మొదటి ధార వదిలేసి మధ్యలోది పడతారు. ఇక్కడ కావాల్సింది మొదటి ధారే, 20 నుంచి 30 మిల్లీలీటర్లు. అంతకుముందు గంటసేపు మూత్రానికి వెళ్లి ఉండకూడదు. కలిసి రెండు వారాలు కాకముందు చేస్తే నెగెటివ్‌ను నమ్మలేం.

గనోరియాకు సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఒక్కటి. దేశాన్ని బట్టి 500 మిల్లీగ్రాములో, 1 గ్రామో ఇస్తారు. గొంతులో ఉంటే రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించి పోయిందో లేదో చూసుకోవాలి, అక్కడ మందు అంత తేలిగ్గా పనిచేయదు. మలద్వారంలోని క్లమిడియాకు ఒక్క డోసు అజిత్రోమైసిన్‌తో సరిపెట్టే అలవాటు ఇంకా ఉంది. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు, 7 రోజులు వాడితే అంతకంటే బాగా పోతుంది. మలద్వారంలో నొప్పి, జిగురు, రక్తం ఉంటే మొలలని నెలల తరబడి ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చోవద్దు. అది ఎల్‌జీవీ అనే క్లమిడియా రకం కావచ్చు, దానికి అదే డాక్సీసైక్లిన్ 21 రోజులు కావాలి. ఇద్దరూ చికిత్స తీసుకుని, ఆ తర్వాత 7 రోజులు గడిచేదాకా కలవొద్దు. లేకపోతే అది మీ మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది.

మీరు గే అని డాక్టరుకు చెప్పాలా అని కూడా అడిగారు. ఆ మాట చెప్పడం మీ ఇష్టం. కానీ పరీక్షను నిర్ణయించేది ఏ భాగం, ఎప్పుడు, కండోమ్ ఉందా లేదా అన్నవి. ‘నోటితో, మలద్వారంతో కలిశాను, మూడు వారాలైంది, గొంతు, మలద్వారం, మూత్రం మూడింటికీ న్యాట్ పరీక్ష రాయండి’ అంటే చాలు.

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను, ఈస్ట్రడియాల్ హార్మోన్ వాడుతున్నాను. కలిసినప్పుడు మాత్రమే నాలుగు ప్రెప్ మాత్రలు చాలని స్నేహితుడు చెప్పాడు. నాకూ పనిచేస్తుందా?

జవాబు: ఆ లెక్క అతనికైతే సరే, మీకు కాదు. ఆ పద్ధతిలో కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, వాటి తర్వాత 24 గంటలకు ఒకటి, 48 గంటలకు ఇంకొకటి. ఇది పుట్టుకతో మగవారిగా నమోదై, ఈస్ట్రడియాల్ హార్మోన్లు వాడనివారికి మాత్రమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హెపటైటిస్ బి ఉన్నవారికి కూడా వద్దు, టెనోఫోవిర్ మొదలెట్టడం, ఆపడం వల్ల కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. మీరు రోజూ ఒక మాత్ర పద్ధతిలో వెళ్లండి. మలద్వారం ద్వారా కలిసేవారికి 7 రోజులు వరసగా వేసుకున్నాక రక్షణ మొదలవుతుంది. ప్రెప్ మీ హార్మోన్ల పనిని చెడగొట్టదు. ఆ భయంతో మాత్రలు వదిలేసేవారున్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాం.

మొదలెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. ఇప్పటికే వైరస్ ఉంటే ప్రెప్‌లోని రెండు మందులు దాన్ని అణచలేవు, పైగా ఆ మందులకు లొంగకుండా అది మారిపోతుంది. కిడ్నీ పనితీరు కూడా చూడాలి, క్రియాటినిన్ క్లియరెన్స్ 60 కంటే తక్కువుంటే ఈ మాత్ర ఇవ్వరు. తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్, పైన చెప్పిన మూడు చోట్ల పరీక్షలు.

రోజూ మాత్ర కుదరదనుకుంటే రెండు నెలలకోసారి కాబోటెగ్రావిర్ ఇంజెక్షన్, ఆరు నెలలకోసారి లెనకాపావిర్ ఇంజెక్షన్ ఉన్నాయి. రెండోదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సిఫారసు చేసింది. దాన్ని మొదలుపెట్టేటప్పుడు ఇంజెక్షన్ రోజు రెండు మాత్రలు, మర్నాడు రెండు మాత్రలు వేసుకోవాలి. సూది పడింది కదా అని ఆ మర్నాటి మాత్రలు మరిచిపోవద్దు.

ప్రశ్న: మా ఆయనకు హెచ్‌ఐవీ ఉంది. రెండేళ్లుగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) ‘అన్‌డిటెక్టబుల్’ (పరీక్షకు అందనంత తక్కువ). కండోమ్ లేకుండా కలిస్తే నాకు వస్తుందా?

జవాబు: రాదు. 2019లో వెలువడిన పార్ట్‌నర్-2 అధ్యయనం ఇలాంటి దాదాపు 800 మగ జంటలను గమనించింది. భాగస్వామి నుంచి హెచ్‌ఐవీ సోకినవారు ఒక్కరూ లేరు. మీకు కావాల్సినవి రెండే: ఆయన మందులు ఆపకూడదు, వైరల్ లోడ్ పరీక్ష మానకూడదు. సిఫిలిస్, గనోరియాలకు మాత్రం ఆ మందులు అడ్డుపడవు.

ప్రశ్న: సిఫిలిస్‌కు ఇంజెక్షన్ తీసుకుని ఏడాదైంది. ఇప్పటికీ టీపీహెచ్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ అని వస్తోంది. మళ్లీ ఇంజెక్షన్ వేయించుకోవాలా?

జవాబు: టీపీహెచ్‌ఏ ఒకసారి పాజిటివ్ అయితే చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. నయమైందా లేదా అన్నది దాన్ని చూసి తేల్చరు, వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్షల అంకె (రక్తాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా పాజిటివ్ వస్తుందన్న లెక్క) చూసి తేలుస్తారు. చికిత్స రోజున 1:32 ఉన్నది ఏడాదిలో 1:8కి, అంతకంటే కిందికి దిగితే మందు పనిచేసినట్టే. రెండుసార్లూ ఒకే రకం పరీక్ష, వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించండి, ఆర్‌పీఆర్‌ను వీడీఆర్‌ఎల్‌తో పోల్చకూడదు. కొందరిలో 1:2 దగ్గరో 1:4 దగ్గరో ఆగిపోతుంది, అది కదలనంతకాలం కంగారు లేదు. 1:4 నుంచి 1:16కు ఎక్కితే మళ్లీ సోకినట్టు అనుమానించాలి.

సోకి ఏడాదిలోపు అయితే బెంజథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారే. ఏడాది దాటినా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడు వారాలు. మీకు ఒక్క డోసే పడి, సోకిన కాలం తెలియకపోతే ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి. చూపు మసకబారినా, చెవిలో హోరు మొదలైనా ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే వెళ్లండి, ఆ దశకు ఈ ఇంజెక్షన్ చాలదు, నరంలోకి పెన్సిలిన్ ఎక్కించాల్సి ఉంటుంది.

కలిసిన తర్వాత డాక్సీసైక్లిన్ వేసుకుంటే మళ్లీ రాదా అన్నారు. 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాములు ఒక్కసారి వేసుకుంటే సిఫిలిస్, క్లమిడియా సోకే అవకాశం బాగా తగ్గుతుంది, గనోరియాపై అంత నమ్మకం లేదు. గత ఏడాదిలో ఇలాంటి వ్యాధి వచ్చిన, మగవాళ్లతో కలిసే మగవాళ్లకూ, ట్రాన్స్ మహిళలకూ డాక్టర్లు దీన్ని రాస్తున్నారు. 24 గంటల్లో 200 మిల్లీగ్రాములకు మించకూడదు. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోవద్దు, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి.