బాండ్ రాసిచ్చిన నర్సు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లకూడదా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరాను. రెండేళ్లలోపు మానేస్తే లక్షన్నర కట్టాలని చేరేటప్పుడే బాండ్ రాయించుకున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు వాళ్ల దగ్గరే ఉన్నాయి. 16 నెలలు చేశాను. నైట్ డ్యూటీలు చేస్తూనే పైథాన్ నేర్చుకుని, ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. మానేస్తానంటే ‘డబ్బు కట్టు, లేకపోతే సర్టిఫికెట్లు ఇవ్వం, చెక్కు బ్యాంకులో వేస్తాం’ అంటున్నారు. డ్యూటీ రోస్టర్ కోసం నేను ఇంట్లో రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ కూడా ఆస్పత్రిదేనట. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఒక భయం తీసేయండి. ఇష్టం లేని మనిషిని ఉద్యోగంలో కొనసాగమని ఏ కోర్టూ ఆదేశించదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాలను బలవంతంగా అమలు చేయించడం నిర్దిష్ట ఉపశమన చట్టం–1963 ప్రకారం కుదరదు. కాబట్టి మీరు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లొచ్చా అన్నది అసలు గొడవే కాదు. వెళ్తూ ఎంత కట్టాలన్నదే గొడవ.

‘బాండ్ చిత్తుకాగితం, కోర్టులో నిలబడదు’ అని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. వాటిని నమ్ముకుని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: అది సగం నిజం. మానేశాక ఫలానా పని చేయకూడదనే షరతు ఒప్పందాల చట్టం–1872 సెక్షన్ 27 కింద సాధారణంగా చెల్లదు. కానీ ఇన్నాళ్లు పని చేయాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అలాంటి బాండ్‌నే సమర్థించింది. మూడేళ్లలోపు మానేసిన అధికారి 2 లక్షలు కట్టాలన్న షరతు న్యాయమేనంది. అయితే అక్కడున్నది ప్రభుత్వరంగ బ్యాంకు. మధ్యలో ఒకరు వెళ్లిపోతే మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి, ఖర్చు పెట్టి నియామకాలు జరపాలని కోర్టు లెక్కలోకి తీసుకుంది. వాక్-ఇన్‌లో నర్సులను చేర్చుకునే ప్రైవేటు ఆస్పత్రి అదే మాట చెప్పి గెలవడం అంత తేలిక కాదు.

మీకు పనికొచ్చేది అదే ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 74. బాండ్‌లో లక్షన్నర అని రాసుకున్నంత మాత్రాన లక్షన్నర రాదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపల సహేతుకమైన పరిహారం ఎంతో కోర్టు చూస్తుంది. మీ మీద ఆస్పత్రి నిజంగా ఏం ఖర్చు పెట్టింది? బయటికి పంపి, ఫీజు కట్టి ఏదైనా కోర్సు చేయించారా? చేరిన కొత్తలో సీనియర్ సిస్టర్ వెంట తిప్పి వెంటిలేటర్ అలారాలు, ఇన్ఫ్యూజన్ పంపులు చూపించడాన్ని ట్రైనింగ్ ఖర్చు అంటే నేనైతే ఒప్పుకోను. ఖర్చుల లెక్క రాతపూర్వకంగా అడగండి. రాజీకి వస్తే 24 నెలల్లో మిగిలింది 8 నెలలే కాబట్టి, ఎంత గట్టిగా లెక్కేసినా మూడో వంతు, అంటే 50 వేలు దాటకూడదని బేరం మొదలుపెట్టండి. ఇచ్చేది ఏదైనా బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి.

మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నది సర్టిఫికెట్ల గురించి. నన్నడిగితే అసలు ప్రమాదం చెక్కుతోనే. సంతకం మీదైతే, మిగతాది ఎవరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందు అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మీరే. స్టాప్ పేమెంట్ చేయించినా, అకౌంట్ మూసేసినా చెక్ బౌన్స్ కేసు (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138) తప్పిపోదు. కాబట్టి వాళ్లు చెక్కు వేయకముందే మీరు కదలాలి. ‘ఫలానా నంబరు చెక్కు చేరేటప్పుడు హామీగా ఖాళీగా ఇచ్చాను, నేను మీకు ఏ బాకీ లేను, తిరిగి ఇవ్వండి’ అని రిజిస్టర్డ్ పోస్టులో, మెయిల్‌లో పంపండి. నంబరు చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్‌లో ఉంటుంది. ఆ తర్వాత కూడా చెక్కు వేసి, బౌన్స్ అయిందని నోటీసు పంపితే 15 రోజుల్లోపు జవాబు ఇవ్వాల్సిందే. నష్టపరిహారం ఎంతో కోర్టు తేల్చేదాకా అది అప్పు కాదన్నది మీ ముఖ్య వాదన.

ఇక సర్టిఫికెట్లు. బాకీ ఉందని ఎదుటివాళ్ల వస్తువు అట్టిపెట్టుకునే హక్కు ఒప్పందాల చట్టం సెక్షన్ 171లో బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది. అందులో ఆస్పత్రులు లేవు. సర్టిఫికెట్లను హామీగా ఉంచుకుంటామని బాండ్‌లో రాసుకున్నారేమో మాత్రం చూడండి. రాసినా దాని మీద వాదించొచ్చు. ఇచ్చినట్టు రసీదు లేకపోతే హెచ్‌ఆర్‌తో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు భద్రం చేయండి. లాయర్ నోటీసుకు దిగిరాకపోతే సివిల్ కోర్టులో మాండేటరీ ఇంజంక్షన్, అంటే సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయమనే ఆదేశం, అడగొచ్చు. నమ్మకద్రోహం కింద పోలీసు ఫిర్యాదు చేయొచ్చు గానీ, స్టేషన్లో ‘ఇది సివిల్ మేటరమ్మా’ అని పంపేయడమే ఎక్కువ. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. సర్టిఫికెట్లు పోయాయని స్టేషన్లో రాసిచ్చి డూప్లికేట్లు తెచ్చుకోమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది అబద్ధపు ఫిర్యాదు, నేరం. ఆ పని చేయొద్దు.

రోస్టర్ ప్రోగ్రామ్ సంగతి నాకు సరదాగా అనిపించింది. కాపీరైట్ చట్టం–1957 సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా తయారుచేసినది యజమానిది. మీ ఉద్యోగం రోగులను చూడటం, ప్రోగ్రాములు రాయడం కాదు. సొంత ల్యాప్‌టాప్‌లో, డ్యూటీ లేని వేళ రాసి ఉంటే అది మీదే. ఐపీ (మేధో సంపత్తి) హక్కుల మీద వేరే కాగితమేదైనా సంతకం చేశారేమో చూసుకోండి. కానీ ఆ ప్రోగ్రామ్‌లో పరీక్ష కోసమని రోగుల పేర్లు, బెడ్ నంబర్లు, రిపోర్టులు ఏమైనా ఉంటే వెంటనే తీసేయండి. కొత్త కంపెనీలో చూపించుకోవడానికి గిట్‌హబ్‌లో (ప్రోగ్రాములు పంచుకునే వెబ్‌సైట్) పెట్టారంటే బాండ్‌ను మించిన చిక్కు మీరే తెచ్చుకున్నట్టు.

మీరు రాయలేదు గానీ అడగక తప్పదు: ఆ ఉద్యోగానికి ఇచ్చిన రెజ్యూమేలో దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీరియన్స్ ఏమీ లేదు కదా? ఈ 16 నెలలూ మీ యూఏఎన్‌లో (పీఎఫ్ నంబరు) ఆస్పత్రి పేరే కనిపిస్తుంది, వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. దొంగ పత్రం వాడితే ఉద్యోగం ఊడటంతో సరిపోదు, క్రిమినల్ కేసు దాకా పోతుంది. రిలీవింగ్ లెటర్ ఆలస్యమైతే ఉన్న సంగతి కొత్త కంపెనీకి మెయిల్‌లో చెప్పండి. పీఎఫ్‌లో ఆస్పత్రి మీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ఇప్పటిదాకా మానేస్తానని నోటితోనే చెప్పినట్టున్నారు. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో నోటీసు గడువెంతో చూసి, ఆఖరి పనిదినం వేసి రాజీనామా ఇవాళే మెయిల్ చేయండి. అందాక ఒక్క డ్యూటీ కూడా ఎగ్గొట్టొద్దు, హాజరు పట్టీని ఫొటో తీసుకోండి. మెయిల్ మాత్రం మీ సొంత ఐడీ నుంచి పంపండి. రాజీనామా అందిన మరుక్షణం ఆస్పత్రి ఐడీ మూసేసిన సందర్భాలు ఉన్నాయి.