జ్ఞానదంతం తీయించుకున్నాక పథ్యం ఎంతవరకు?

జ్ఞానదంతాల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా వయసు 23. పై చదువుకు అమెరికా వెళ్లబోతున్నాను. పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఎక్స్‌రే తీసి, కింది జ్ఞానదంతాలు రెండూ వంకరగా ఉన్నాయని, అక్కడ ఖర్చు ఎక్కువ కాబట్టి నాలుగూ ఇక్కడే తీయించుకుని వెళ్లమని డాక్టరు గారు చెప్పారు. నాకు ఇంతవరకు నొప్పి లేదు. తీయించుకోవాలా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నొప్పి లేనంత మాత్రాన పన్ను బాగున్నట్టు కాదు, వంకరగా ఉన్నంత మాత్రాన అది తీసివేయవలసినదీ కాదు. జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. అప్పటికి దవడలో చోటు చాలకపోతే కొన్ని ఎముకలోనే ఉండిపోతాయి, కొన్ని ముందున్న పన్నుకు ఆనుకుని సగం పైకి వచ్చి ఆగిపోతాయి. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఈ సగం వచ్చిన పళ్లే. వాటి మీద కప్పుకుని ఉన్న చిగురు కిందికి ఆహారం చేరి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి, చిగురు మాటిమాటికీ వాస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, ముందున్న దవడపన్ను వెనుక భాగం మనకు కనబడకుండానే పుచ్చిపోవడం. నమలడానికి నిజంగా పనికివచ్చే పన్ను అది. పనికిరానిదాన్ని ఉంచుకోబోయి దాన్ని పోగొట్టుకున్నవారు మా దగ్గరకు తరచుగా వస్తూ ఉంటారు.

అయితే ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లోని జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ 2000 సంవత్సరంలోనే సూచించింది. అమెరికాలోని శస్త్రవైద్యులలో చాలామంది ఇందుకు ఒప్పుకోరు. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి, వేళ్లు పూర్తిగా ఏర్పడి, కోయడం, కోలుకోవడం రెండూ కష్టమవుతాయని వారి వాదన. ఈ మాటలోనూ నిజం ఉంది. అందుచేత మీరు డాక్టరు గారిని అడగవలసింది ఖర్చు సంగతి కాదు. ముందున్న పన్నుకు పుచ్చు మొదలైందా, దాని వెనుక ఎముక తగ్గిందా, చిగురు లోపలికి ఆహారం వెళ్లే సందు ఉందా, వేళ్లు కింది దవడ నాడికి ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నవి రెండు దవడలూ కనిపించే పెద్ద ఎక్స్‌రేలో చూపించి చెప్పమనండి. మొదటి మూడింటిలో ఒక్కదానికైనా అవునని జవాబు వస్తే తీయించుకుని వెళ్లడమే మేలు, ఎందుకంటే అక్కడి విద్యార్థుల బీమాలో చాలావరకు దంతవైద్యం కలిసి ఉండదు. నిటారుగా వచ్చి, శుభ్రం చేసుకోవడానికి అందుతున్న పై పళ్లను మాత్రం “నాలుగూ ఒకేసారి” అన్న లెక్కలో తీయించుకోనక్కరలేదు. కింది పన్ను తీశాక పైది కిందికి దిగి చిగురును కొరుకుతుందా అన్నది ఒక్కటే అక్కడ ఆలోచించవలసిన విషయం. జ్ఞానదంతాలు నెట్టడం వల్ల ముందుపళ్లు వంకర పోతాయని చెప్పి తీయమంటే ఆ కారణాన్ని పట్టించుకోకండి, దానికి సరైన ఆధారం లేదు. తీయించుకునేటట్లయితే ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు ఆ పని పూర్తిచేసుకోండి.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి కింది జ్ఞానదంతం కోసి తీశారు. మొదటిరోజు కంటే మూడో రోజుకు బుగ్గ ఎక్కువగా వాచి, నోరు సరిగా తెరుచుకోక చాలా భయపడ్డాం. పప్పు, పెరుగు తింటే చీము పడుతుందని మా అత్తగారు పది రోజులు పెట్టనివ్వలేదు. పన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందని కూడా ఆవిడ భయం. ఇప్పుడు చిన్నమ్మాయికీ తీయాలంటున్నారు. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ముందుగా చూపు సంగతి. పళ్లలోని నొప్పిని మెదడుకు చేర్చేది అయిదో కపాలనాడి. చూపును చేర్చేది రెండోది. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయిదో నాడి కొమ్మ ఒకటి నుదుటికి, కంటి చుట్టూ కూడా వెళుతుంది కాబట్టి పంటినొప్పి ఒక్కోసారి కంటిదాకా లాగినట్టు ఉంటుంది. మీ అత్తగారి భయం అక్కడి నుంచే పుట్టి ఉండవచ్చు.

ఇక పథ్యం. పన్ను తీసిన గుంటలో నిండే రక్తపు గడ్డే అక్కడి అసలు మందు. దాని కిందనే కొత్త కణజాలం పెరుగుతుంది, మూడు నాలుగు వారాల్లో చిగురు మూసుకుంటుంది, లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. పెట్టవలసినవి, మానవలసినవి అన్నీ ఆ గడ్డను కదిలించకుండా ఉండడానికే. దూది గుడ్డను అరగంట నుంచి గంటసేపు గట్టిగా కొరికి ఉంచమనేది అందుకే. మాటిమాటికీ తీసి చూడడం, ఉమ్మడం పనికిరావు. ఆ రోజంతా లాలాజలం కాస్త ఎర్రగా ఉంటుంది, దాన్ని మింగివేయాలి తప్ప ఉమ్మకూడదు. స్ట్రాతో తాగితే నోట్లో పుట్టే లాగుడుకు గడ్డ ఊడివస్తుంది, కనుక కొబ్బరినీళ్లయినా గ్లాసులో పోసుకునే తాగాలి. పుక్కిలించడం మొదటి 24 గంటలు వద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లను నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, నెమ్మదిగా జారవిడవాలి.

పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, ఆ పది రోజులూ పప్పు, పెరుగు మాన్పించడం వల్ల మీ అమ్మాయికి బలం తగ్గిందే తప్ప మేలేమీ జరగలేదు. మత్తు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అప్పటిదాకా పెదవి, నాలుక తెలియకుండానే కొరుక్కుపోతాయి కాబట్టి నమలవలసినది ఏదీ పెట్టవద్దు. మొదటిరోజు చల్లారిన రాగిజావ, మజ్జిగ, పలుకులు లేని ఐస్‌క్రీమ్ చాలు. రెండో రోజు నుంచి మెత్తగా చిదిమిన పెరుగన్నం, పప్పన్నం, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. పెరుగన్నంలో తాలింపు మాత్రం వేయకండి. ఆవాలు గుంటలో ఇరుక్కుంటే తీయడం కష్టం. సెగలు కక్కే చారు, ఆవకాయ కారం, జంతికలు, వేపుళ్లు, నువ్వులు, రవ్వలాగా రాలే పదార్థాలు ఒక వారం ఆగాలి. ఇంతకుమించిన పథ్యం లేదు. వంకాయ, గోంగూర వద్దనే మాటకు కూడా ఆధారం లేదు, మెత్తగా వండి కారం తగ్గిస్తే చాలు.

వాపు రెండు మూడు రోజులదాకా పెరిగి తరువాత తగ్గడం మామూలే. ఎముకను కొంత తొలిచి, పన్నును ముక్కలుగా కోసి తీసినచోట అలా జరగకపోతేనే ఆశ్చర్యం. మొదటిరోజు గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలను బుగ్గ మీద పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, అంతసేపే విరామం ఇస్తూ పెట్టాలి. మన ఇళ్లలో వాపు కనబడగానే వేడి కాపడం పెట్టడం అలవాటు, అది ఆ రోజుకు పనికిరాదు. రెండు రోజులు గడిచాక గోరువెచ్చని కాపడం పెడితే దవడ పట్టు సడలుతుంది. నోరు తెరుచుకోకపోవడం నమిలే కండరాలు బిగుసుకోవడం వల్ల వచ్చేది, వారం రెండు వారాల్లో తగ్గుతుంది. అయితే మూడో రోజు తరువాత కూడా వాపు పెరుగుతూ జ్వరం వచ్చినా, దవడ కిందికి పాకినా, మింగడానికి లేదా ఊపిరికి ఇబ్బంది అయినా, గుడ్డ కొరికి ఉంచినా రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాత్రల విషయంలో ఒక్క హెచ్చరిక. నొప్పికి రాసిచ్చే చాలా మాత్రల్లో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. అది చూసుకోకుండా, ఒంటినొప్పులకని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ కూడా వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారికి కూడా రోజుకు అన్నీ కలిపి 4 గ్రాములు మించకూడదు. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వాడవద్దు. అది అందరికీ అవసరం కాదు, అవసరమైతే డాక్టరే రాస్తారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, సిగరెట్టు అలవాటుంది. పన్ను తీసిన రెండు రోజులకు నొప్పి తగ్గి, నాలుగో రోజు చెవిదాకా లాగే నొప్పి వచ్చింది. డాక్టరు గారు గుంట ఎండిపోయిందని చెప్పి లవంగం వాసన వచ్చే మందు పెట్టారు. ఇంకో పన్ను తీయాల్సి ఉంది. మళ్లీ ఇలాగే అయితే ఇంట్లోనే లవంగనూనె వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేసుకోవద్దు. రక్తపు గడ్డ ముందే కరిగిపోవడం వల్లనో ఊడిపోవడం వల్లనో ఎముక బయటపడితే వచ్చే నొప్పి ఇది. తగ్గిన నొప్పి మూడు నాలుగు రోజులకు తిరగబెట్టడం, నోటి నుంచి దుర్వాసన రావడం దీని గుర్తులు. పొగతాగేవారిలో, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో, కింది జ్ఞానదంతం తీసినప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు మొదట గుంటను కడిగి, అందులోని పదార్థాన్ని తీసివేసి, కొలతతో మందు పెడతారు. నేరుగా పోసిన లవంగనూనె మెత్తని కణజాలాన్ని కాలుస్తుంది, నలిపిన లవంగం ముక్కలు గుంటలో మిగిలిపోతాయి. రెండో పన్నుకు ముందు ఒకటి రెండు రోజులు, తరువాత కనీసం మూడు నాలుగు రోజులు సిగరెట్టు ముట్టకుండా ఉండగలిగితే ఈ బాధ మళ్లీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. గుట్కా, ఖైనీ దీనికి ప్రత్యామ్నాయం కావు. నిజానికి అవి గాయానికి నేరుగా తగులుతాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మధుమేహం ఉంది, గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నారు. పన్ను తీయడానికి ముందు వాటిని ఆపాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ అంతట మీరు ఆపవద్దు. చిగురు నుంచి కారే రక్తాన్ని కుట్టుతో, ఒత్తిడితో ఆపవచ్చు, స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. ఏ మాత్రలు వాడుతున్నారో చీటీతో సహా దంతవైద్యుడికి చూపించి, గుండె డాక్టరుతో మాట్లాడమనండి. ఆయన వాడేది వార్ఫరిన్ వంటిదైతే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్షను మూడు రోజుల లోపు చేయించిన కాగితం కావాలి. స్థానికంగా మత్తు ఇచ్చి తీసేటప్పుడు ఉపవాసం అక్కరలేదు. ఉదయం టిఫిను తిని, చక్కెర మాత్ర వేసుకుని, పొద్దున్నే వెళ్లేటట్టు సమయం తీసుకోండి. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే సూదిమందులు ఎప్పుడైనా తీసుకుని ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. వాటివల్ల దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కింది జ్ఞానదంతం తీసి మూడు వారాలైనా కింది పెదవి ఒకవైపు తిమ్మిరిగానే ఉంది. ఇది పోతుందా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: పన్ను వేరు పక్కనే సాగే నాడి నలిగితే ఇలా అవుతుంది, చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది, కొద్దిమందిలో మాత్రమే మిగిలిపోతుంది. చీమలు పాకినట్టు అనిపించడం మొదలైతే అది మంచి సూచన. పన్ను తీసిన డాక్టరు దగ్గరకు వెళ్లి తిమ్మిరి ఎంత మేర ఉందో గుర్తింపజేసుకుని, నెలకోసారి పోల్చి చూపించుకోండి. మూడు నెలలైనా ఏమాత్రం మార్పు లేకపోతే ముఖ, దవడ శస్త్రవైద్య నిపుణుడిని కలవండి. అప్పటిదాకా వేడి కాఫీ, టీ విషయంలో జాగ్రత్తగా ఉండండి. పెదవి కాలినా తెలియదు.