అల్లుడూ, ఆ విండోస్ పార్టిషన్‌ను ఉబుంటులో తెరిచే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్కయ్య ఫోన్ చేసింది. "వాడు రాత్రంతా లాప్‌టాప్ ఆపడం, మళ్లీ తెరవడం... ఇలాగైతే పెళ్లిపత్రికల పని ఎప్పటికి తెములుతుందిరా?" అని బాధపడింది. నీ మెసేజ్ కూడా చూశాను. కాలేజీ పనంతా ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో ఉంది. పెళ్లిపత్రికలకేమో పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి, అవి విండోస్‌లో ఉన్నాయి. అందుకని డిస్కులో విండోస్ ఉన్న భాగాన్నే, అంటే ఆ విండోస్ పార్టిషన్‌నే, ఉబుంటు లోపల ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్‌లో నడపాలనుకుంటున్నావు. కుదురుతుంది. నేనూ కొన్నేళ్లు అలాగే నడిపాను, ఒకసారి చెయ్యి కూడా కాల్చుకున్నాను. అందుకే ఓపిగ్గా చదవమంటున్నాను.

అసలు భయపడాల్సింది ఒక్కదానికే. ఒకే పార్టిషన్ మీద రెండు సిస్టమ్‌లు ఒకేసారి రాయకూడదు. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చెప్పే పట్టికను ప్రతి సిస్టమూ కొంత తన మెమరీలో పెట్టుకుని పని చేస్తుంది. ఇది రాసింది దానికి తెలియదు, అది రాసింది దీనికి తెలియదు. నా ఉబుంటులో విండోస్ డ్రైవ్ దానంతటదే మౌంట్ అయ్యేలా, అంటే వాడుకకు తెరుచుకునేలా, ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగ్స్ ఫైలులో ఎప్పుడో ఒక లైను రాసి మర్చిపోయాను. వీఎంలో, అంటే వర్చువల్‌బాక్స్ సృష్టించిన ఆ లోపలి కంప్యూటర్‌లో, విండోస్ నడుస్తుండగా ఇటు ఉబుంటు నుంచి నాలుగు ఫొటోలు అందులోకి కాపీ చేశాను. మర్నాడు విండోస్ తెరిస్తే, డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ మొదలైంది. రెండు పెళ్లిళ్ల పత్రికలు పేర్లు పోయి ఏదో ఫోల్డర్‌లో ముక్కలై కనిపించాయి. తెల్లారేదాకా కూర్చుని మళ్లీ కంపోజ్ చేశాను. కాబట్టి అలాంటి లైను ఉంటే ముందు తీసేయ్. ఫైల్ మేనేజర్‌లో ఎడమపక్క కనిపించే విండోస్ డ్రైవ్ మీద పొరపాటున కూడా క్లిక్ చెయ్యకు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఇది వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కొంత డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. అలా నిద్రపోయినదాన్ని వీఎంలో లేపితే, చుట్టూ వేరే హార్డ్‌వేర్ చూసి తికమకపడుతుంది. పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేయ్, హైబర్నేట్ కూడా ఆపెయ్. ఇదే కారణంగా వీఎంను 'సేవ్ స్టేట్'లో, అంటే ఆపకుండా ఉన్నదున్నట్టు దాచి, వదిలేసి నేరుగా విండోస్‌లోకి వెళ్లకు. వీఎం స్థితిని నకలు తీసి దాచే స్నాప్‌షాట్ల జోలికీ పోకు.

వర్చువల్‌బాక్స్‌కు డిస్కు చూపించేటప్పుడు మొత్తం డిస్కు ఇవ్వొద్దు. ఇస్తే వీఎంలో ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది, అందులో ఉబుంటు ఎంచుకున్నావంటే ఇప్పటికే నడుస్తున్న ఉబుంటును రెండోసారి లేపినట్టే. విండోస్‌కు కావాల్సిన పార్టిషన్లు మాత్రమే ఎంచి, వాటిని వీఎంకు చూపించే 'రా డిస్క్ వీఎండీకే' ఫైలు తయారు చెయ్యి. నీ లాప్‌టాప్ కొత్తది కాబట్టి వీఎం సెట్టింగ్స్‌లో ఈఎఫ్‌ఐ (కొత్త కంప్యూటర్లు బూట్ అయ్యే పద్ధతి) ఆన్ చెయ్యాలి. విండోస్ బూట్ కావడానికి ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా కావాలి, కానీ అది ఉబుంటులో మౌంట్ అయి ఉంటుంది. వీఎం మొదలెట్టే ముందు ప్రతిసారీ దాన్ని అన్‌మౌంట్ చెయ్యి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ర్యామ్ సగానికి మించి ఇవ్వకు. వీఎంలో విండోస్ యాక్టివేషన్ అడగొచ్చు, దానికి కంగారుపడకు.

నా మనసులో మాట కూడా చెప్తాను. విండోస్‌లోకి నేరుగా వెళ్లే అవసరం నీకు నిజంగా లేకపోతే, ఈ తంటా అంతా ఎందుకు? డిస్క్‌టువీహెచ్‌డీ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే చిన్న టూల్ ఉంది. విండోస్ నడుస్తుండగానే మొత్తాన్ని ఒక ఫైలుగా కాపీ చేసిపెడుతుంది. దాన్ని వర్చువల్‌బాక్స్‌లో తెరుచుకోవచ్చు, అసలు పార్టిషన్ చెక్కుచెదరదు. ఎక్స్‌టర్నల్ డిస్కులో చోటుంటే నేనైతే నీకు ఇదే చెప్తాను.

ఏ దారిలో వెళ్లినా ముందు పత్రికల ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకో. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే వీఎంలో దాని 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కాగితం మీద రాసి అక్కయ్యకిచ్చి బీరువాలో పెట్టించు. పత్రికలు ఇవ్వాల్సిన రోజున మాత్రం ఇది మొదలెట్టకు. ఆదివారం పొద్దున్నే కూర్చో, ఎక్కడ ఆగినా నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య