కాకస్‌కి వచ్చిన జనాన్ని బట్టి నవంబరు ఫలితం చెప్పొచ్చా?

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక పార్టీ కాకస్‌కి, అంటే అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోడానికి పార్టీవాళ్లు ఊరూరా కూడే సమావేశానికి, జనం విరగబడి వస్తే ఆ పార్టీ నవంబరులో జరిగే అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రాన్ని గెలిచినట్టేనా, అలాగైతే 2024లో రిపబ్లికన్ కాకస్ పలచగా జరిగినా ట్రంప్ ఎలా గెలిచాడు అని అడిగారు. నేను ఈ రాష్ట్ర రాజధాని డెమాయిన్ పక్కనే ఒక ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. మొత్తం ఎంతమంది వచ్చారన్న లెక్కతో ఏమీ తేలదు. వాళ్లలో కొత్తవాళ్లు ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అన్నది చూస్తే మాత్రం చాలా తెలుస్తుంది.

2000లో రిపబ్లికన్ కాకస్‌కి దాదాపు 87 వేల మంది వస్తే, డెమోక్రాట్ల వైపు 61 వేలే. నవంబరులో అయోవా గెలిచింది మాత్రం డెమోక్రాట్ అల్ గోర్, నాలుగు వేల పైచిలుకు ఓట్లతో. 2004లో డెమోక్రాట్ల కాకస్‌కి అంతకు రెట్టింపు, దాదాపు 1.24 లక్షల మంది వచ్చారు. తీరా చూస్తే రాష్ట్రం రిపబ్లికన్ బుష్‌కి పోయింది. 2012లో రిపబ్లికన్లకి 1.21 లక్షలు దాటి అప్పటికి రికార్డు. గెలిచింది డెమోక్రాట్ ఒబామా. ఇక మీరు అడిగిన 2024లో వచ్చింది సుమారు 1.10 లక్షల మంది, 2000 తర్వాత పోటీ గట్టిగా ఉన్న రిపబ్లికన్ కాకస్‌లలో అన్నిటికన్నా తక్కువ. ఆ రాత్రి చలి సున్నా ఫారన్‌హీట్ కిందకి పోయింది, అంతకుముందే మంచు తుఫాను. అయినా నవంబరులో ట్రంప్ 13 శాతం పాయింట్ల తేడాతో గెలిచాడు. ఇన్ని ఎదురు సాక్ష్యాలుంటే, టీవీల్లో కూర్చున్నవాళ్లు 2008, 2016 మాత్రమే పట్టుకుని ‘చూశారా, జనం వస్తే గెలుపే’ అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రెండు సంవత్సరాల్లోనూ పనిచేసింది వేరే సంగతి. 2008 జనవరి 3 రాత్రి నేను కళ్లారా చూశాను.

అప్పటికి నేను హెచ్‌1 వీసా మీద ఉన్నాను. ఓటు లేదు. కాకస్‌లో పరిశీలకులుగా పక్కన కూర్చోనిస్తారని ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ చెప్పి, వాళ్ల కుటుంబంతో పాటు నన్నూ తీసుకెళ్లింది. ఒక ఎలిమెంటరీ స్కూలు భోజనాల హాలు. పిల్లల కోసం చేసిన పొట్టి బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు. గోడ పక్కన కోట్లు గుట్టగా పడేశారు, బూట్లకంటిన మంచు కరిగి నేలంతా తడి. లోపల చోటు లేక జనం వరండాలో నిలబడ్డారు. నేను ఎక్కువసేపు చూసింది మాత్రం తలుపు దగ్గర ఉన్న రిజిస్ట్రేషన్ బల్లనే. లోపలికి వెళ్లే లైను చిన్నది, ఆ బల్ల దగ్గర లైను దానికి మూడింతలు. ఓటరుగా కొత్తగా నమోదయ్యేవాళ్లు, పార్టీ మార్చుకునేవాళ్లు అక్కడ నిలబడాలి. అయోవాలో అది అప్పటికప్పుడే చేసుకోవచ్చు. ఫారాలు అయిపోతే స్కూలు ఆఫీసు గదిలో జిరాక్స్ తీయించి తెచ్చారు.

ఆ లైనులో మా కొలీగ్ మామగారు ఉన్నారు. వ్యవసాయం చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన, డెబ్బై దాటాయి. ఫారంలో పార్టీ అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. వెనకవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు. ఆయన కోడలి వైపు తిరిగి, ‘ఐజన్‌హోవర్ నుంచీ రిపబ్లికన్లకే వేశానమ్మా’ అన్నాడు. ఆ తర్వాత డెమోక్రాట్ అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, కర్ర తాటించుకుంటూ ఒబామా మూలకి వెళ్లి నిలబడ్డాడు. డెమోక్రాట్ల కాకస్‌లో అప్పట్లో ఎవరి అభ్యర్థి మూలకి వాళ్లు వెళ్లి నిలబడితే అదే ఓటు. అప్పటికే అక్కడ కాలేజీ పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, ఒకమ్మాయి లేచి ఆయనకి కుర్చీ ఇచ్చింది.

నాకు నవంబరు ఫలితం ఆ రాత్రే అర్థమైపోయింది. ఆ ఏడాది డెమోక్రాట్ల కాకస్‌కి దాదాపు 2.39 లక్షల మంది వచ్చారు, అందులో సగానికి పైగా జీవితంలో మొదటిసారి కాకస్‌కి వచ్చినవాళ్లే. ఒబామా అయోవాని తొమ్మిది పాయింట్లకు పైగా తేడాతో గెలిచాడు. 2016లో రిపబ్లికన్ల వైపు అదే జరిగింది. దాదాపు 1.87 లక్షల మంది, చాలామంది కొత్త ముఖాలు. కాకస్ గెలిచింది టెడ్ క్రూజ్, ట్రంప్ రెండో స్థానం. కానీ ఆ కొత్తవాళ్లు ఎక్కడివాళ్లో నవంబరులో బయటపడింది. ఒబామాని రెండుసార్లు గెలిపించిన 31 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఒక్క అయోవాలోనే ట్రంప్ వైపు తిరిగాయి.

పార్టీలో ఎప్పటినుంచో ఉన్నవాళ్లే హుషారుగా ఎక్కువమంది వస్తే, వాళ్లు నవంబరులో ఎలాగూ వేసే ఓటునే ముందుగా చూపించినట్టు, పార్టీకి కొత్త ఓట్లు కలిసినట్టు కాదు. మన దగ్గర 2009లో ప్రజారాజ్యం సభలకి వచ్చిన జనాన్ని చూసి లెక్కలేసినవాళ్లకి చివరికి 294లో 18 సీట్లే కనిపించాయి కదా, అలాంటిదే ఇది.

పైగా కాకస్ అనేది పని చేసుకునేవాళ్లకి వీలుపడేది కాదు. 2024 రిపబ్లికన్ కాకస్‌కి కూడా రాత్రి ఏడింటికి ఠంచనుగా అక్కడ ఉండాల్సి వచ్చింది. నైటు షిఫ్టు నర్సు రాలేదు, మోటెల్ కౌంటర్లో కూర్చున్న మనిషి రాలేడు, చంటిపిల్లల తల్లి రాలేదు. 2024 నవంబరులో ఈ రాష్ట్రంలో 16 లక్షల మందికి పైగా ఓటేశారు. అందులో ఆ ఏడాది రిపబ్లికన్ కాకస్‌కి వచ్చింది ఏడు శాతం కూడా లేదు. అంత చిన్న గుంపు, అదీ తీరిక ఉన్నవాళ్ల గుంపు, రాష్ట్రం మొత్తానికి గొంతు ఎలా అవుతుంది?

మనవాళ్ల మీద కూడా ఒక మాట అనాలి. ఇక్కడ సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు. ఆంధ్రా ఫలితాల రోజు రాత్రంతా మేలుకుంటారు, మండలాల వారీగా మెజారిటీలు చెబుతారు. ఇంటి పక్క స్కూల్లో జరిగే కాకస్‌కి రమ్మంటే చలి అంటారు. స్కూలు బోర్డు దగ్గర్నుంచి ఆస్తి పన్ను దాకా మన బతుకు నిర్ణయించే మనుషులు ఆ గదుల్లోనే పార్టీ పనిలోకి వస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

2020లో డెమోక్రాట్ల కాకస్‌కి నేను ఓటరుగా వెళ్లాను. మా ప్రిసింక్ట్‌లో (పోలింగ్ ప్రాంతంలో) మొదటి లెక్కలో బైడెన్ గుంపు 15 శాతం గీత దాటలేక చెదిరిపోయింది, ఆ గీత దాటని గుంపులోవాళ్లు వేరే అభ్యర్థి వైపు వెళ్లొచ్చు, వాళ్లలో కొందరు చెమర్చిన కళ్లతో ఇంకో అభ్యర్థి క్లోబుచార్ మూలకి నడిచారు. ఆ రాత్రి ఫలితాలు పంపే యాప్ పనిచేయక రాష్ట్ర ఫలితాలే ఆగిపోయాయి. అంతా తేలాక బైడెన్‌ది నాలుగో స్థానం. ఏడాది తిరిగేసరికి ఆయనే అధ్యక్షుడు, అయోవా మాత్రం ఆయనకి దక్కలేదు. హాజరు 1.76 లక్షలు, 2016 డెమోక్రాట్ల కాకస్ కన్నా కొంచెం ఎక్కువే. ఏం ఉపయోగపడింది ఆ లెక్క?

కాబట్టి ఈసారి కాకస్ రోజు టీవీలో హాజరు సంఖ్య వస్తే పక్కన పెట్టండి. అయోవా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు పార్టీల వారీగా నమోదైన ఓటర్ల లెక్క ప్రతి నెలా వెబ్‌సైట్లో పెడుతుంది. 2008లో అక్కడ డెమోక్రాట్లదే పైచేయి, 2024 నాటికి రిపబ్లికన్లు లక్షకు పైగా ముందున్నారు. కాకస్‌కి ముందు నెలా, తర్వాత నెలా తీసి పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఏ పార్టీ లెక్క ఎంత పెరిగిందో, ఏది ఎంత తగ్గిందో మీకే కనబడుతుంది.