జపనీస్ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకో

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

కుంగిన మనసును లేపి నిలబెట్టే జపనీస్ పాటలు నేర్చుకోవాలని ఉందని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇంగ్లీషు లిపిలో ఉన్న సాహిత్యం చూసి పాట నేర్చుకోకు, ఇంగ్లీషు అనువాదం చదివి అర్థమైందనుకోకు. జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి రా. మన లిపి, మన మాత్రల లెక్క, మన వాక్యం వరస, మూడూ ఈ పనికి ఎంతగా కుదురుతాయో నాలుగు పాటలు నేర్చుకునేసరికి నీకే తెలుస్తుంది.

ముందు లిపి సంగతి. ఇంగ్లీషులో రాసినది చూస్తే మన నోరు ట, డ అనేస్తుంది. జపనీస్‌లో ఉన్నవి త, ద. అందుకే మనవాళ్లలో చాలామంది 'అరిగాటో' అంటారు, పాడాల్సింది 'అరిగతో'. గ హ్రస్వం, తో దీర్ఘం. ఎ-ఏ, ఒ-ఓ తేడా మన అక్షరాల్లో స్పష్టంగా ఉంది, ఇంగ్లీషు లిపిలో అది ఎగిరిపోతుంది. 'యుమె' అంటే కల, 'యూమే' అంటే పేరున్న. ఆశ గురించిన పాటల్లో కల అనే మాట ఎక్కడ చూసినా ఉంటుంది, అక్కడ దీర్ఘం పెట్టావంటే వినేవాళ్లకి అర్థమే మారిపోతుంది. 'ౘు' అనే అక్షరాన్ని మన 'చుక్క'లో పాతతరం వాళ్లు పలికే చ లాగా పలుకు. 'ౙు' కూడా అంతే, 'జున్ను'లోని జ. 'ఫు' దగ్గర మాత్రం పై పళ్లతో కింది పెదవి నొక్కకు, దీపం ఆర్పడానికి ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి వదులు. ర ఒక్కసారి తగిలితే చాలు, నాలుక ఆడించొద్దు.

పాతకాలపు గాయకులు మాట మధ్యలో వచ్చే గ ని ముక్కుతో, 'ఙ' లాగా పలుకుతారు. అది విని తప్పు విన్నానేమో అనుకోకు. నువ్వు గ అనే పాడినా తప్పులేదు.

ఇక మాత్రలు. జపనీస్ పాటకి ప్రాణం ఇక్కడే ఉంది. వాళ్లు కాలాన్ని కొలిచే చిన్న ముక్క దాదాపు మన మాత్రే. లఘువు ఒకటి, గురువు రెండు. సున్నా ముందున్న అక్షరం గురువవుతుంది, ద్విత్వం ముందున్నదీ అవుతుంది. 'గంబత్తె' (గట్టిగా ప్రయత్నించు) తీసుకో: గం రెండు, బ రెండు, త్తె ఒకటి, మొత్తం ఐదు. జపనీస్ వాళ్ల లెక్కలోనూ ఐదే. అయితే రెండు చోట్ల మన ఛందస్సు మోసం చేస్తుంది. ఒకటి, య ఒత్తు. 'ఒక్యకు' (అతిథి) మన లెక్కలో నాలుగు మాత్రలు, వాళ్ల లెక్కలో మూడే. అక్కడ ఒ ని సాగదీయకు, క ని ఒత్తకు. రెండోది, సున్నా తర్వాత అచ్చు. 'రెన్-అఇ' (ప్రేమ) లో నకారాన్ని అచ్చుతో కలిపేసి 'రెనై' అనేస్తాం. విడదీసి నాలుగు మాత్రలకీ నాలుగు దెబ్బలు వెయ్యి. అలాగే 'నై' అని రాసుకోకు, 'నఇ' అని రాసుకో. చాలా పాటల్లో న కి ఒక స్వరం, ఇ కి ఇంకో స్వరం ఉంటుంది.

వాక్యం చివర మర్యాదకి వచ్చే 'దెసు'ని మాట్లాడేటప్పుడు 'దెస్' అని చివరి ఉకారం మింగేస్తారు. పాటలో దానికి స్వరం ఇస్తే 'దెసు' అని పూర్తిగా పాడాలి. పాత పాటల్లో మాత్రకొక స్వరం ఉంటుంది. తర్వాతి తరం పాటల్లో ఒకే స్వరంలో రెండు మూడు మాత్రలు కుక్కుతారు. అందుకే పాతవాటితో మొదలుపెట్టమంటాను.

అర్థం రాసుకునే పద్ధతి ఇది. ఒక వరుసలో జపనీస్ మాటలు తెలుగు అక్షరాల్లో, దాని కిందే ప్రతి మాటకీ తెలుగు మాట. వాక్యం తిరగరాయాల్సిన పని సాధారణంగా ఉండదు, వాళ్లకీ మనకీ క్రియ చివరే, విభక్తి మాట తర్వాతే. 'ఉఎ ఒ ముఇతె అరుకో' కింద 'పైకి మొహం తిప్పి నడుద్దాం' అని అదే వరసలో కూర్చుంటుంది. ధైర్యం చెప్పే పాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే క్రియా రూపాలు కొన్నే. చివర ఓకారం వస్తే మన 'దాం'. 'నఇదె' వస్తే 'వద్దు'. 'తెమొ' వస్తే 'ఓడినా, ఏడ్చినా' లోని 'ఇనా'. 'నకుతెమొ ఇఇ' వస్తే 'చేయకపోయినా ఫరవాలేదు'. ఇవి పట్టుబడితే చాలా పాటల వెన్నెముక దొరికినట్టే.

ఒక చిక్కు ఉంది. కంజి అక్షరాలని, అంటే జపనీస్ వాళ్లు వాడే చైనా లిపి అక్షరాలని, నిఘంటువులో వెతికితే దొరికే చదువు ఒకటి, పాటలో పాడేది ఇంకొకటి కావచ్చు. 'కారణం' అన్న అక్షరాలని 'రియూ' అని చదవాలి, పాటలో 'వకె' అంటారు. 'శాశ్వతం' 'ఏఎన్' బదులు 'తొవ' అవుతుంది, 'విశ్వం' అని రాసి 'సొర', అంటే ఆకాశం, అని పాడతారు. రాసింది ఒక అర్థం, పాడింది ఇంకో అర్థం, రెండూ కవి కావాలని పెట్టినవే. కాబట్టి అక్షరాల మీద ఫురిగన, అంటే ఎలా చదవాలో చెప్పే చిన్న అక్షరాలు, ఉన్న సాహిత్యమే తీసుకో, దాన్ని చెవితో సరిచూసుకో.

ఏ పాటలు? మొదటిది పైన చెప్పిన 'ఉఎ ఒ ముఇతె అరుకో'. 1961లో సకమొతొ క్యూ పాడాడు, మాటలు ఎఇ రొకుసుకె, బాణీ నకముర హచిదఇ. 1963లో అమెరికాలో జనాదరణ పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, అదీ పాటతో ఏ సంబంధమూ లేని 'సుకియకి' అనే వంటకం పేరుతో! కన్నీళ్లు జారిపోకుండా పైకి చూస్తూ నడుద్దామనే ఒంటరి మనిషి పాట అది. బాణీ మాత్రం ఈల వేసుకుంటూ నడిచినంత తేలిగ్గా ఉంటుంది. ఆ రెంటినీ కలిపి పట్టుకోవడంలోనే ఉంది అందం, ఏడుపు గొంతు పెట్టకు. మధ్యమం, నిషాదం వదిలేసే మేజర్ స్వరశ్రేణి వాళ్లకుంది, అవి అచ్చంగా మన మోహన స్వరాలే. ఈ పాట ఎక్కువగా వాటి మీదే నడుస్తుంది. సంగీతం నేర్చుకున్న గొంతు వెంటనే గమకం వేస్తుంది. వెయ్యకు, స్వరాన్ని నిలిపి పాడు. సకమొతొ అచ్చుల్ని విరిచి విరిచి పాడే తీరు కూడా మొదట్లో అనుకరించొద్దు, మాత్రలు చెదిరిపోతాయి.

రెండోది జార్డ్ బృందం 1993లో పాడిన 'మకెనఇదె', 'ఓడిపోకు' అని. సకఇ ఇౙుమి మాటలు, ఒద తెౘురో బాణీ. వేగంగా వెళుతుంది, కాబట్టి 0.75 వేగంలో పెట్టుకుని నేర్చుకుని తర్వాత పెంచు.

మూడోది ఏంజెలా అకి 2008 నాటి 'తెగమి', ఉత్తరం. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే నడిపే మాధ్యమిక పాఠశాలల బృందగాన పోటీ కోసం రాసింది. పదిహేనేళ్ల వయసు తన భవిష్యత్తుకి రాసుకున్న ఉత్తరం, దానికి పెద్దయ్యాక వచ్చే జవాబు. జవాబు మొదలయ్యే చోట గొంతు మారాలి, రెండూ ఒకేలా పాడితే పాట పోయినట్టే. ఇందులో 'నేను' అనడానికి మగపిల్లలు వాడే 'బొకు' వస్తుంది. పాటల్లో ఆడవాళ్లు కూడా అలాగే పాడతారు, మార్చకు.

'హన వ సకు' మాత్రం ఆఖర్న నేర్చుకో. 2011 భూకంపం, సునామీ తర్వాత తోహొకు ప్రాంతం కోసం 2012లో వచ్చింది. వెళ్లిపోయినవాళ్లు ఉన్నవాళ్లతో మాట్లాడుతున్నట్టు రాసిన పాట. వేదిక మీద చప్పట్లు కొట్టించే పాటల మధ్య దాన్ని పెట్టకు.

గొంతు సంగతి. జపనీస్ పాటలో చరణం లాంటి ఎ-మెలో, దాన్ని పల్లవి దాకా తీసుకెళ్లే బి-మెలో, తర్వాత పల్లవి లాంటి 'సబి' వస్తాయి. అత్యంత ఎత్తైన స్వరం తరచుగా సబిలోనే ఉంటుంది కాబట్టి శ్రుతి నిర్ణయించేటప్పుడు సబి పాడి చూడు, మొదటి చరణం సుఖంగా ఉందని మోసపోకు. చివరి సబికి ముందు వాద్యాలు తగ్గి గొంతు ఒక్కటే మిగిలే 'ఒచిసబి' ఉండొచ్చు, ఆ తర్వాత శ్రుతి అరమెట్టో మెట్టో పెరగొచ్చు. ఆ చివరి ఎత్తు అందేలా ముందే తగ్గించుకో. కరావోకే యంత్రంలో ఒక్కో నొక్కు అరమెట్టు, అంటే మన షడ్జం నుంచి శుద్ధ రిషభం దాకా. ఊపిరి విభక్తి తర్వాత తీసుకో, ముందు కాదు. 'ఒ', 'ని', 'వ'లు పక్క మాటకి అంటుకునే ఉండాలి.

ముందు స్వరం లేకుండా చప్పట్లతో మాత్రలు చదువు, తర్వాత పాటతో కలిసి, ఆఖర్న వాద్యాల మీద ఒంటరిగా. మొదటి పాట మొదటి చరణం అయ్యాక ఫోన్‌లో రికార్డు చేసి, నువ్వు తెలుగులో రాసుకున్న కాగితం ఫోటోతో సహా పంపు. దీర్ఘాలు ఎక్కడ తగ్గాయో గీతలు పెట్టి పంపిస్తాను.

మీ పెద్దమ్మ