కాలు పెడల్ మీదికి పోనివ్వకు

అమ్మలూ,

మొన్న రాత్రి అరేబియా సముద్రం మీద మీ విమానం ఉన్నట్టుండి ఒరిగిపోయిందని మీ నాన్న చెప్పాడు. మబ్బు లేదు, గాలి లేదు, అయినా ఒరిగిందంటే అది వేక్, అంటే ముందు పోయిన విమానం రెక్కలు వెనకాల వదిలిన గాలి సుడులు. పైనుంచి ఏదో పెద్ద విమానం వెళ్ళే ఉంటుంది. అది సరే. నీ కాలు తెలియకుండానే రడ్డర్ (తోక నిలువు రెక్క వెనకంచున కదిలే పలక) పెడల్ మీదికి పోయిందన్నావట. ఈ ఉత్తరం అందుకే.

2001 నవంబరు 12న న్యూయార్క్‌లో ఒక 747 విమానం వెనకాలే ఏ300 విమానం టేకాఫ్ అయింది. ముందు విమానం వేక్ తగిలింది. అదేమంత పెద్ద కుదుపు కాదు. ఫస్ట్ ఆఫీసర్ మాత్రం రడ్డర్‌ని అటూ ఇటూ చివరికంటా తొక్కాడు. తోక నిలువు రెక్క ఊడిపోయింది. విమానంలో 260 మంది, కింద అయిదుగురు పోయారు. దాన్ని సుడి విరవలేదు, ఆ కాళ్ళు విరిచాయి.

కాబట్టి కాళ్ళు నేల మీదే ఉంచు. ఆటోపైలట్ పట్టి ఉంటే దాన్నే పని చేయనీ. అది దానంతటదే ఆగిపోతే కంగారుపడి ఎదురు తిప్పకు. ఒక సుడి కుడికి తిప్పితే పక్క సుడి ఎడమకి తిప్పుతుంది, నీ చేయి తోడైతే రెట్టింపవుతుంది. కాస్త నెమ్మదించాక సైడ్‌స్టిక్‌తో, అదే చేతి పక్కనుండే పుల్లతో, మెల్లగా రెక్కలు సమం చెయ్యి.

అన్నిసార్లూ ఇంత సులువుగా పోదనుకో. 2017 జనవరిలో మాలే నుంచి అబూధాబీ వెళ్తున్న చిన్న బిజినెస్ జెట్‌కి 1000 అడుగుల పైన ఏ380 అనే భారీ విమానం ఎదురొచ్చింది. దాటిన నిమిషం లోపే జెట్ పల్టీలు కొట్టి, దాదాపు 9000 అడుగులు జారింది. మస్కట్‌లో దించారు గానీ అది మళ్ళీ ఎగరలేదు.

సుడులు మామూలుగా నిమిషానికి 300 నుంచి 500 అడుగులు దిగుతాయి. మన లెవెళ్ళ మధ్య ఎడం 1000 అడుగులే. రెండు మూడు నిమిషాలు చాలు. అందుకే టీక్యాస్‌లో, అదే చుట్టుపక్కల విమానాల్ని చూపించే పరికరంలో, పైన ఎవరైనా కనబడగానే గాలి ఎటునుంచో, సుడుల్ని ఎటు తోస్తుందో చూడు. సముద్రం మీద ఆఫ్‌సెట్‌కి, అంటే దారికి కాస్త పక్కగా వెళ్ళడానికి, అనుమతి ఉన్న చోట దారికి కుడివైపు రెండు నాటికల్ మైళ్ళ దాకా జరగొచ్చు. రాడార్ కింద ఉంటే కంట్రోలర్‌ని అడుగు. ముందుగా సీటు బెల్ట్ లైటు వేసి, క్యాబిన్‌కి ఒక మాట చెప్పు.

నేనొకసారి అడగడానికి మొహమాటపడ్డాను. ఫ్రీక్వెన్సీ రద్దీగా ఉంది, పోనీలే అనుకున్నాను. అప్పుడే సుడి తగిలి, టీ పోస్తున్న అమ్మాయి చెయ్యి కాలింది. దిగాక క్షమించమని అడిగితే నవ్వేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కెప్టెన్ పెద్దవాడని నువ్వూ నోరు మూసుకుని కూర్చోకు. రిపోర్టు రాశావా లేదా? ఆ రాత్రి టీక్యాస్‌లో ఏం కనబడిందో నాకూ రాయి.

మీ పెదనాన్న