డిమాండ్ ప్లానింగ్ ఇంటర్వ్యూలో మేప్ ప్రశ్న: సమాధానం

డిమాండ్ ప్లానింగ్ (ఏ సరుకు ఎంత పోతుందో ముందే అంచనా కట్టే పని) ఉద్యోగానికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో జరిగిన రెండో రౌండు ఇంటర్వ్యూలో, మేప్ (అసలు అమ్మకంతో పోల్చిన తప్పు శాతాల సగటు) 55 శాతం వచ్చిన ఫోర్‌కాస్ట్‌ను ఎలా సమర్థిస్తారని అడిగితే తడబడ్డానని రాశారు. ఈ ప్రశ్న బెంగళూరులోనే ఒకసారి నన్నూ ఇరుకున పెట్టింది.

ఒక సరుకు 900 పోతుందని అంచనా వేస్తే 1000 పోయిందనుకోండి, తప్పు 10 శాతం. మరొకటి 20 అనుకుంటే 10 మాత్రమే పోయింది, తప్పు 100 శాతం. ఈ రెండింటి సగటు 55 అయినా, మొత్తం తేడా 110ని మొత్తం అమ్మకం 1010తో భాగిస్తే సుమారు 11 శాతమే వస్తుంది. ఈ లెక్కను వారి ఎదుటే కాగితం మీద వేసి, దీన్ని వెయిటెడ్ మేప్ అంటారని, అమ్మకం సున్నా అయిన వారానికి మామూలు మేప్ కట్టడమే కుదరదని చెప్పండి. బయాస్ (అంచనా ఎప్పుడూ ఒకే వైపు తప్పడం) ప్రస్తావన కూడా మీరే తీసుకురండి. ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తే సరుకు నిండుకుంటుంది, ఎక్కువ వేస్తే గోదాములో పేరుకుపోతుంది.

పండుగల గురించి కూడా అడగవచ్చు. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది కనుక, 2024 ఏప్రిల్ అమ్మకాలను 2025 ఏప్రిల్‌కు యథాతథంగా దించేస్తే బోల్తా పడతారు. సాఫ్ట్‌వేర్ పేర్లు వల్లించడానికి మాత్రం సమయం ఖర్చు చేయకండి (నేను చేసిన పొరపాటు అదే).